ఇరవయ్యో సహీ

"చెయ్యనంటే చెయ్య! ఆ కాగితం నా కండ్ల ముంగటికెల్లి తియ్యి" అంది సరోజ, ఒళ్లో చాటలోని తంబాకు గాలికి ఎగరకుండా చెయ్యి అడ్డం పెట్టి.

కూతురు ప్రాజక్త కదల్లేదు. గడప బయట గల్లీ మండలి పెద్ద దత్తాత్రి గడియారం చూసుకుని నిట్టూర్చాడు.

"వదినె, పందొమ్మిది ఫారాలైనయి. నీ ఇంటి దగ్గరనే ఆగింది. ఆరింటికల్ల ఇరవై ఫారాలు బడి పెద్ద టీచర్‌బాయి చేతుల పడితేనే రోజూ పొద్దుగూకే పూట వాళ్ల మైదాన్ మన గల్లీకి ఇస్తదట. లేకపోతే గేటుకు తాళమే. రెండేండ్ల సంది తిరుగుతున్న, చెప్పులరిగినయి."

"తాళమే మంచిది."

"ఆడెటోళ్లకు దెబ్బ తగిల్తే ఇంట్ల ఒకరు జవాబుదారి అని కాగితం మీద సహీ. గంతే కద!"

"చూసినవా! దెబ్బ తగుల్తదని వాళ్లే రాసిన్రు!"

దత్తాత్రి ప్రాజక్త వైపు చూశాడు. ప్రాజక్త పైకప్పు రేకుల వైపు చూసింది. సరోజకు అప్పటికే అంతా కళ్ల ముందు జరిగిపోతోంది. పిల్ల పడుతుంది, మడమ విరుగుతుంది, ఆటోలో పడుకోబెట్టి తీసుకుపోతారు, ఆటో కొంతం చౌక్ దగ్గర ఇరుక్కుంటుంది, ఆలోగా కాలు నల్లబడుతుంది.

ఎదురింటి అరుగు మీద బీడీ ఆకు కత్తిరిస్తున్న గంగుబాయికి ఓపిక నశించింది.

"సడక్ మీద ఆడితే టెంపో గుద్దుతదంటవు. మైదాన్ల ఆడితే కాలిరుగుతదంటవు. మరి ఇంట్ల కూసుంటే?"

"ఇంట్ల కూసుంటే ఏమైతదక్కా?" అని చాట పక్కకు నెట్టి విసురుగా లేవబోయింది సరోజ. పొద్దుటి నుంచి మడిచే ఉన్న మోకాలు పట్టేసింది. గోడ పట్టుకుంది, సగం లేచింది, మళ్లీ కూలబడింది.

"గదే అయితది" అంది గంగుబాయి, కత్తెర ఆపకుండానే.

సరోజ మోకాలు రుద్దుకుంటూ కాగితం వైపు అనుమానంగా చూసింది.

"ఏం ఆట?"

"ఖో-ఖో" అంది ప్రాజక్త.

"ఉరుకుడేనా?"

"కూసునుడు, లేసుడు. కూసునుడే ఎక్కువ."

"కుక్కలొస్తే?"

"గేటు పెడతరమ్మా."

"పిడుగు పడితే?"

"జనవరిల పిడుగేందే!"

"గేటు పెట్టినంక భూకంపం వస్తే? కిల్లారిల ఏమైందో మర్సిపోయిన్రా? మన దాజీ పేట్‌ల గూడ గిన్నెలు దొర్లినయని మా అత్త చెప్పేది!"

దత్తాత్రి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "వదినె, భూకంపం వస్తే మైదాన్లకే ఉరకాలె! అప్పుడు తాళముంటే యాడికి పోతవు?"

ఇన్నేళ్లుగా ఇన్ని భయాలు పడుతున్నా, ఆ తాళం సంగతి సరోజకు ఎన్నడూ తట్టలేదు. మూతపడ్డ గేటు, దాని ముందు గల్లీ గల్లీ అంతా, మధ్యలో తన పిల్ల. పక్కనున్న పీటను ముందుకు లాక్కుంది.

"యాడ చెయ్యాలె?"

ప్రాజక్త అడుగు అంచు మడిచి ఉన్న కాగితాన్ని పీట మీద పరిచి, పైభాగాన బొటనవేలితో గట్టిగా అదిమిపట్టింది. వేలి పక్కన సరోజకు మొగుడి పేరు, ఇంటి పేరు కనిపించాయి: 'సాయిలు గుండేటి'. అవి చాలుననుకుని, చూపించిన చోట వంకరటింకర అక్షరాలతో సహీ చేసింది.

"కాలికి ముల్లు గుచ్చుకున్నా నిన్ను ఇడిసిపెట్ట, దత్తూ!"

"నన్నెందుకు పట్టుకుంటవు? జవాబుదారి ఉండనే ఉన్నరు" అంటూ అతను కాగితం లాక్కుని, ముందు పందొమ్మిది చదివినట్టే దీన్నీ గట్టిగా చదివాడు. "ఆడే మనిషి, సౌభాగ్యవతి సరోజ సాయిలు గుండేటి..."

"ఏయ్, తప్పు చదివినవ్! ఆడేది ప్రాజక్త."

"నా ఫారం మీద నాయిన మొన్ననే సహీ చేసిండు" అంది ప్రాజక్త, రెండడుగులు వెనక్కి వేస్తూ. ఆ ఊరి కాగితాల్లో ఇంటావిడకైనా ఆడపిల్లకైనా నడుమ ఉండేది ఇంటాయన పేరే.

సరోజ మోకాలి సంగతి మరిచి ఒక్క ఉదుటున లేచి, కాగితం గుంజుకుంది. తన సహీ కింద, ఇందాక మడిచి ఉన్న చోట, ఆరకముందే మడవడంతో కాస్త చెదిరిన సిరాతో ఇంకో సహీ ఉంది:

'మా అమ్మకు దెబ్బ తగిలితే జవాబుదారి నాది. కుమారి ప్రాజక్త సాయిలు గుండేటి.'