జిరాక్స్ సెంటరాయన చెవి

శనివారం మధ్యాహ్నం, అన్నం ముందు కూర్చుని, మల్లేశ్వర్ మోసానికి దిగాడు. తోడుదొంగగా భార్య పద్మారాణిని ఎంచుకున్నాడు.

"రేపు మీ తమ్ముడొచ్చి నా కండ్లకు తువ్వాల కడ్తడు. నువ్వు దుప్పటి ఎన్కనుంచి పాటలు మార్చాలె. రికార్డు పెడితే గాజులు మోగాలె. ఫోన్ పాట పెడితే సప్పుడు చెయ్యకు. గంతే."

"గంత పెద్ద చెవి ఉన్నోనివి, నీకు నా గాజులెందుకు?"

"చెవి ఉన్నది. జర తోడు కావాలె."

వికారాబాద్ స్టేషన్ రోడ్డులో అతనిది జిరాక్స్ సెంటర్. పొద్దంతా నకళ్లు తీసి బతికే మనిషికి పాటలో మాత్రం నకలు పడదు. ఇంట్లో హాలు సగం అతని సెట్టే ఆక్రమించింది. ఒక రికార్డు ప్లేయరు, ఒక ఆంప్లిఫయరు, నడుమెత్తు స్పీకర్లు రెండు, అవి అదరకుండా కింద తాండూరు బండలు.

పదకొండేళ్లుగా వాట్సాప్ గ్రూపులో అతను యాప్‌ల మీద యుద్ధం చేస్తున్నాడు. ఫ్రీ యాప్ పాట మధ్యలో సబ్బులమ్ముతుంది. డబ్బు కట్టే యాప్ సబ్బులమ్మకుండా మోసం చేస్తుంది. అసలు క్వాలిటీ ఇస్తామని ఇంకాస్త కట్టించుకునేది ఆ రెంటికీ పెద్దన్న. ఇలా ఒక్కోదాన్నీ పోల్చి, ఉతికి ఆరేశాడు. అన్నిట్లోకీ బాగా పేలిన పోస్టు ఇది: "పాడేటామె చేతిగాజులు వినబడితేనే అది సెట్టు. ఫోన్‌ల మోగేటివి గాజులు కావు, గాజుల జిరాక్స్."

దాని కింద తాండూరు నుంచి బామ్మర్ది శ్రీహరి ఒక్క ముక్క రాశాడు. నాపరాళ్ల పాలిష్ మిషన్ దగ్గర పని అతనిది, ఫోన్‌లో పాటలు వింటూనే పాలిష్ పెడతాడు.

"కండ్లు మూసుకుని చెప్తవా బావా?"

గ్రూపులో నూటా ఎనభై మంది. చెప్తానన్నాడు మల్లేశ్వర్. ఇంకేమనగలడు?

పందెం కుదిరింది. గెలిస్తే శ్రీహరి ఇంకో జత బండలు పంపాలి. మిగిలిన సగం హాల్లోకి ఇంకో జత స్పీకర్లు దించాలని మల్లేశ్వర్ ఆలోచన. ఓడితే సెట్టంతా తాండూరు పోతుంది.

ఆ తర్వాత మూడు రోజులు తలుపులేసుకుని ఒకే పాటను అందులో ఒకసారి, ఇందులో ఒకసారి విన్నాడు. దొరికిన తేడా ఒక్కటే. రికార్డైతే లేచి తిప్పాలి, ఫోనైతే అక్కర్లేదు. పదకొండేళ్ల ఉద్యమం లోపల ఇంత డొల్ల ఉందని తెలిసి తనకే నవ్వొచ్చింది. నవ్వి, గాజుల దాకా వచ్చాడు.

"అయితే నా మిషన్ సంగతేంది?" అంది పద్మారాణి.

ఆమె వంటింట్లో పొయ్యి పక్కన కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. జాకెట్లు పోపు వాసనొస్తున్నాయని ఈ నెలలో ముగ్గురు వాపసు పంపారు. హాల్లో ఇంత జాగా ఇమ్మని ఆమె అడగని రోజు లేదు.

"గెలిచినంక చూద్దాం. రేపు మాత్రం మిషన్ మీద కూసోకు. దారానికి తగుల్తయని గాజులు తీసి పెడ్తవు."

"ఫికర్ చెయ్యకు. గాజులు మోగుతయి."

ఆదివారం పొద్దున శ్రీహరి రైలు దిగి వచ్చాడు. హాలుకు అడ్డంగా దుప్పటి కట్టారు. దాని వెనక రికార్డు ప్లేయరూ శ్రీహరి ఫోనూ ఒకే సెట్టుకు తగిలించారు. పద్మారాణి లోపలికి వెళ్లింది. మల్లేశ్వర్ కళ్లకు తువ్వాల పడింది.

మొదటి పాట. గాజులు గలగలమన్నాయి. ఆడమనిషి చెయ్యి కదిపితే గాజులు మోగవా? ఎవరికి అనుమానం?

"రికార్డు," అన్నాడు మల్లేశ్వర్. "గా గొంతుల వెచ్చదనం చూడు."

రెండో పాటకు గాజుల్లేవు.

"ఫోన్. బొక్కలు తీసిన కోడి లెక్కుంది."

మూడో పాటకు మళ్లీ గలగల. కొలిచి పోసినట్టు మొదటిసారి మోగిన తీరుగానే మోగాయి. పద్మ ఎంత శ్రద్ధగా చేస్తోందో అని మనసులోనే మెచ్చుకున్నాడు.

"రికార్డే బామ్మర్దీ. పాడేటామె ఎదురుంగ కూసున్నట్టున్నది."

నాలుగు, ఐదు కూడా గాజులు చెప్పినట్టే చెప్పాడు.

శ్రీహరి తువ్వాల విప్పాడు.

"ఐదుకైదు తప్పు బావా. గుడ్డిగ చెప్పినా రెండన్న తగుల్తుండె."

తనను మోసం చేశారని మల్లేశ్వర్ అరవాలంటే ముందు తన మోసం చెప్పుకోవాలి. దుప్పటి ఎత్తి లోపలికి దూరాడు. పద్మారాణి అప్పటికే టేపు పట్టుకుని స్పీకరు జాగా కొలుస్తోంది.

"గాజులు ఉల్టా మోగించినవేంది?" అన్నాడు గొంతు తగ్గించి.

ఆమె టేపు మెడలో వేసుకుని రెండు చేతులూ ఎత్తి చూపింది. రెండూ ఉత్త చేతులే.

"గాజులు పొద్దటి సంది అల్మారలనే ఉన్నయి. నువ్వు విన్నది నిన్న నా ఫోన్‌ల రికార్డు చేసిన సప్పుడు. ఇవి గాజులు కావు, గాజుల జిరాక్స్ అని నువ్వు ఒక్క పాటకన్న అంటే సెట్టు ఈడనే ఉంచుదామని నేను, తమ్ముడు అనుకున్నం."