ఏ కోక్ కావాలి?

“మళ్ళీ కోక్ అన్నారు,” అంది ట్రీనా, కౌంటర్ తుడవడం ఆపి. “కూల్‌డ్రింక్‌ని మా వాళ్ళలా పాప్ అనాలి. నోరు టక్కున మూసి తెరవాలి. ఏదీ, అనండి.”

“పాఆప్,” అన్నాడు గ్రేడీ.

“సాగదీయకండి. మీ జార్జియా వాళ్ళు ఒక్క మాట మొదలుపెట్టి పూర్తిచేసేలోగా మా ఒహాయోలో భోజనాలు ముగించి గిన్నెలు కూడా కడిగేస్తాం.”

గ్రేడీ మొహమాటంగా నవ్వాడు. డెబ్భై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తడిపి దువ్విన తలతో, చర్చి నుంచి తిన్నగా ఈ హోటల్‌కి వచ్చాడు. పుట్టింది జార్జియాలోని మేకన్‌లో, పెరిగింది మేకన్‌లో. ఆ ఊళ్ళో కూల్‌డ్రింక్ ఏదైనా సరే, దాని పేరు కోకే. కోక్ ఇమ్మంటే ఏ కోక్ అని అడుగుతారు, ఆరెంజ్ అనో నిమ్మ అనో చెబుతారు, ఎవరికీ వింతగా ఉండదు. అలాంటివాడు ఈ వయసులో నాలుక తిప్పుకోవాలంటే సామాన్యమా?

“ఇంతకీ ఎవరావిడ, గ్రేడీగారూ?” అని అడిగింది ట్రీనా. ఆమె ఈ హోటల్లో పనికి కుదిరి ఎన్నాళ్ళో కాలేదు. ఊళ్ళో ఎవరి సంగతులూ తెలియవు.

“మార్లీన్ అని. పైన్ వీధిలో వృద్ధాశ్రమం ఉంది చూడు, వసంతంలో అక్కడికి వచ్చింది. మీ ఒహాయోలోనే, టొలీడోలో పుట్టింది. నోరు విప్పితే ఆ ఊరి కబుర్లే. సరస్సు గడ్డకట్టిందనీ, వాళ్ళ నాన్న మంచుకి చిల్లు పెట్టి చేపలు పట్టాడనీ.”

“మీరంటే ఇష్టమేనా?”

“నేనెవరో కూడా ఆవిడకి తెలియదు.”

“తెలియకుండానే ఇంత ముస్తాబా? తెలిస్తే ఇంకేం చేసేవారో.”

గ్రేడీ చెవులు ఎర్రబడ్డాయి. కాఫీ కప్పు అటూ ఇటూ తిప్పాడు.

“పోయిన ఆదివారం చెడగొట్టుకున్నాను, అమ్మాయ్,” అన్నాడు చివరికి. “కిటికీ దగ్గర కూర్చుని ఉంది. గుమ్మంలో నిలబడి, అలవాటుగా, ఏ కోక్ కావాలి అన్నాను. చటుక్కున తిరిగి నా మొహంలోకి చూసింది. అంతే, ఏడుపు. నేను బయల్దేరేదాకా ఆపలేదు. నర్సు నన్ను పక్కకి పిలిచి, ఇంకోసారి ఇలా బాధపడితే కొన్నాళ్ళు మీరు రాకపోవడమే మంచిదండీ అంది.”

“అంటే, ఇవాళ తేలిపోవాలి.”

“ఇవాళ తేలిపోవాలి.”

ట్రీనా మొహంలో వేళాకోళం పోయింది. “అది ఊరి మీద బెంగండీ. నాకు తెలుసు. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో ఎవరైనా ఏ కోక్ అని అడిగితే, ఎక్కడో పరాయిచోటికి వచ్చి పడ్డానని ఏడుపొచ్చేది. ఆవిడకి మా వాళ్ళ మాట వినిపించండి. కరిగిపోతుంది. ఇంకో సంగతి, మీ జార్జియా వాళ్ళలా మాటకి ముందొక మేడమ్, వెనకొక మేడమ్ తగిలించకండి. మా వైపు ఆడవాళ్ళకి అలా పిలిస్తే ముసలిదాన్ని చేసినట్టుంటుంది.”

“మేడమ్ కూడా వద్దా?” అన్నాడు గ్రేడీ దిగులుగా. అది లేకుండా ఆడవాళ్ళతో ఎలా మాట్లాడతారో అతనికి నిజంగా తెలియదు.

“వద్దు. పొట్టిగా మాట్లాడండి, త్వరగా మాట్లాడండి. ఏదీ, మళ్ళీ.”

“పాప్.”

“అదీ. ఇక వెళ్ళండి, మర్చిపోకముందే.”

దారి పొడుగునా కారు నడుపుతూ ఆ మాటే వల్లెవేశాడు. సిగ్నల్ దగ్గర పక్క కారులో పిల్లలు అతన్ని చూసి నవ్వారు. నవ్వనీ అనుకున్నాడు. మార్లీన్ తనతో రెండు మాటలు మాట్లాడితే చాలు. ఆమె మొహం తనవైపు తిరిగితే చాలని ప్రాణం కొట్టుకుపోతోంది.

మార్లీన్ కిటికీ దగ్గరే ఉంది. ఎదురుగా ఖాళీ కుర్చీ. వరండాలో నర్సు మందుల బండి ఆపి ఇటే చూస్తోంది.

“పాప్ తాగుతారా?” అన్నాడు గ్రేడీ, పొట్టిగా, త్వరగా.

మార్లీన్ తిరిగింది. మొహమంతా నవ్వు. “పాప్. ఆ మాట విని ఎంత కాలమైందో. మీది టొలీడోయేనా?”

అబద్ధమాడటానికి అతనికి నోరు రాలేదు. “అక్కడివాళ్ళు తెలుసు,” అన్నాడు.

ఆమెకి అదే చాలింది. సరస్సు గురించి, మంచు గురించి, నాన్న పట్టే చేపల గురించి గలగలా చెప్పుకుపోయింది. వరండాలో నర్సు సరేనన్నట్టు తలూపి బండి తోసుకుంటూ వెళ్ళింది. వచ్చే ఆదివారం కూడా రావచ్చు. గ్రేడీకి గుండెల మీంచి బరువు దిగిపోయింది. తను తెచ్చిన ఆరెంజ్ సీసా మూత తీసి ఆమె చేతికిచ్చి, కుర్చీ లాక్కుని కూర్చోబోయాడు.

“అందులో వద్దండీ,” అంది మార్లీన్. “ఏమీ అనుకోకండి. అలా మంచం మీద కూర్చోండి.”

“ఎవరైనా వస్తున్నారా?”

“రావాలి. మీరు మంచివారు, మా ఊరి మాట వినిపించారు. కానీ నేను రోజూ ఇక్కడ కూర్చుని చెవులప్పగించేది దానికోసం కాదు. అతనిది సాగదీసే మాట. నన్ను కూడా మేడమ్ అంటాడు. ఏది తెచ్చినా కోక్ అంటాడు. మానిపించాలని ఎంత పోట్లాడానో.” ఆమె గొంతు తగ్గింది. “మొన్న గుమ్మంలోంచి అచ్చం అతని మాటే వినిపించింది. తీరా చూస్తే ఎవరో ముసలాయన. అతనికింకా ఒక్క వెంట్రుకైనా నెరవలేదు. ఏడుపు ఆగలేదు.”

గ్రేడీ కుర్చీని మెల్లగా ఉన్నచోటే పెట్టాడు. అడగకుండా ఉండలేకపోయాడు.

“ఎవరండీ, అతను?”

“మా ఆయన,” అంది మార్లీన్, “గ్రేడీ.”