మిరపకాయల గదిలో మామిడి

"ఈ గదికి ఐదు ఎవరప్పా పెట్టింది? పదమూడు పెట్టండి!"

కల్లూరులోని తన కోల్డ్ స్టోరేజీలో ఆ కేక విని రాఘవేంద్రప్రసాద్ వెనక్కి తిరిగాడు.

గోడ మీది మీటరు కేసి చెయ్యి చాపి నిలబడి ఉంది ఒక ముసలామె. బనగానపల్లె నుంచి మామిడికాయల లారీతో వచ్చిన కూలీల్లో ఒకతె.

ఆయనకు ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళుగా ఎండుమిరపకాయలు దాస్తున్న గది అది. ఐదు డిగ్రీల్లో ఒక్క బస్తా చెడలేదు. ఆ ధైర్యంతోనే ఈ ఏడాది ఇల్లు కుదువబెట్టి నాలుగు తోటల కాయ కొన్నాడు. ఇరవై రోజులు ఆపి సీజను చివర అమ్మితే ఇల్లు దక్కుతుంది.

"నాకు చెప్పేదానికి నువ్వెవరమ్మా?"

"ఎవరైతే ఏమి! మిరప ఎండింది, దాంట్లో ప్రాణం లేదు. ఇది పచ్చికాయ. చలికి నెయ్యి పేరుకుంటాది చూడు, కాయ లోపల అట్లాంటి కొవ్వు పొరలే ఉండాయి. అవి పేరుకుంటే చీలికలు పడి, లోపలి నీళ్ళు కారిపోతాయి."

"మామిడికాయలో నెయ్యంట! విన్యావా పరమేషూ? పప్పన్నం ఒకటే తక్కువ."

మిషను చూసే పరమేష్ పగలబడి నవ్వాడు.

"నవ్వండప్పా. మీ మొండితనం కాయకు తెలీదు."

"కూలి ముట్టింది కదా? గేటు దాటు!"

"హనుమంతమ్మా, రా! లారీ పోతాండాది" అని డ్రైవరు పిలిచాడు. ఆమె వెళ్ళిపోయింది.

ఇరవై ఒకటో రోజు గది తెరిస్తే కాయలు పచ్చగా, గట్టిగా ఉన్నాయి. మాగబెట్టడానికి బయట పేర్చిన మూడో రోజుకు తోలు మీద గుంటలు పడ్డాయి. ఐదో రోజుకు నల్లబడ్డాయి. ఒక్కటీ మాగలేదు.

"కరెంటు పోయిందేమిరా పరమేషూ?"

"లేదన్నా. ఐదు దాటలేదు."

ఒక బుట్ట కాయలు కారులో వేసుకొని కడపకు పోయి, కాలేజీలో పండ్ల మీద పరిశోధన చేసే శివజ్యోతి బల్ల మీద పడేశాడు.

"తోటలోళ్ళు నాకు రోగం కాయలు అంటగట్టినారు మేడం. రాసియ్యండి, కోర్టుకీడుస్తా!"

ఆమె ఒక కాయ కోసి చూసింది. "ఎంతలో పెట్టినారు?"

"ఐదు."

"రోగం కాదు సార్, చలి దెబ్బ. పదమూడు కంటే తగ్గితే కణాల చుట్టూ ఉండే కొవ్వు పొర గడ్డకట్టి చీలుతుంది. తర్వాత వేడికి తెచ్చినా ఆ చీలికలు అతుక్కోవు."

"మీరూ ఆ కూలామె కథే చెప్తాండారే! హనుమంతమ్మంట, బనగానపల్లె. పదమూడు పెట్టమని నామీదే అరిచింది. గేటు బయటికి తోలినా."

శివజ్యోతి చేతిలోని కత్తి పక్కన పెట్టింది.

"ఈ కాయ ఎన్ని డిగ్రీల కాడ చస్తుందో మాకూ తెలియనప్పుడు, 'నావి చెడగొట్టి చూడండమ్మా' అని మూడేండ్లు తన తోట కాపంతా మా చలిగదుల్లో చెడిపోనిచ్చి, ఆఖరికి ఆ తోటనే పోగొట్టుకున్న మనిషి సార్ ఆమె."