చుట్టు తిరిగిన లైను

"ఆ అంకె తగ్గించు," అన్నాడు జబ్బార్, కంప్యూటర్ తెరను వేలితో పొడుస్తూ.

"తగ్గించను, ఉస్తాద్," అంది నిదాల్.

బస్రాకు వచ్చే కొత్త లైనును రేపు మధ్యాహ్నం కలుపుతారు. దాన్ని నమ్ముకుని ఊరికి రెట్టింపు కరెంటు పంపుతారు. పంపితే ఏమవుతుందో ముందే కంప్యూటర్లో నడిపి చూడడం నిదాల్ పని. పొద్దుటి నుంచి ఎలా నడిపినా ఒకటే జవాబు. బరువంతా పాత లైను మీదే పడుతోంది. అది ట్రిప్పయితే ఊరంతా కరెంటు పోతుంది.

"అంత లావు తీగ వేశాం. దాంట్లోకి ఎందుకు పోదు?"

"కరెంటు లావు చూడదు. రియాక్టెన్స్, అంటే లైను పెట్టే అడ్డు, తక్కువున్న దారిలోకే ఎక్కువ పోతుంది. లైను పొడుగయ్యేకొద్దీ అది పెరుగుతుంది. షేకుగారు తన ఖర్జూరతోటలో టవర్ వెయ్యనివ్వలేదని లైనుని చుట్టూ తిప్పిందెవరు? మనమేగా? మీరేమో పాత ప్లానులో గీసిన తిన్నని గీత పొడుగు వెయ్యమంటున్నారు."

"వెయ్యి. రేపు మంత్రిగారొస్తున్నారు."

"కంప్యూటర్లో నేను తగ్గిస్తా. టవర్ల మీద ఎవరు తగ్గిస్తారు?"

జబ్బార్ మొహం కందగడ్డయింది. "నీ కూతురు ఆక్సిజన్ మిషన్ మీద ఉందని ఊరికంతా గండం చూపిస్తావా, ఉమ్ రుఖయ్యా? రుఖయ్య తల్లివి. నీకు ఎటు చూసినా చావే కనిపిస్తుంది."

నిజమే, ఫ్యాను కాస్త నెమ్మదించినా నిదాల్ కళ్ళకు పాప పెదాలు నీలంగానే కనిపిస్తాయి.

"అవును, తల్లినే," అంది పళ్ళు బిగించి. "నా చేత్తో నా బిడ్డ ఊపిరి తియ్యను. మీరే వేసుకోండి, సంతకమూ మీరే పెట్టుకోండి."

ఆమె కుర్చీని పక్కకు నెట్టి జబ్బార్ తనే అంకె కొట్టాడు. తెర మీద ఎర్రగా ఉన్న పాత లైను పచ్చబడింది.

"చూశావా, ఎంత చల్లగా ఉందో. ఇక ఇంటికి పోయి మిషన్ దగ్గర కూర్చుని ఏడువు." టకటకా సంతకం పెట్టేశాడు.

నిదాల్ సంచీ లాక్కుని బయటికొచ్చింది. వరండాలో ఆగి సంచీలో ఫోను వెతుక్కుంది. వెనక గదిలోంచి జబ్బార్ గొంతు వినిపించింది, ఫోనులో, బాగా తగ్గించి.

"హాషిం, మన వీధి జనరేటర్‌కి డీజిల్ నిండా పోయించు. రేపు మధ్యాహ్నం నుంచి మా ఇంటికి దాంట్లోంచి ఇంకో పది ఆంపియర్ల కరెంటు కావాలి."