బూడిద రాలని రోజు

"ఇవాళ బూడిద రాలడం లేదుగా డాక్టరమ్మా, గదిలో కూడా గొడుగెందుకు?" అంది సుమియె.

జపాన్ తీరంలోని ఈ కగోషిమాలో అగ్నిపర్వతం ఎప్పుడు బూడిద కక్కుతుందో ఎవరికీ తెలియదు. అందరి చేతిలోనూ గొడుగుంటుంది. "అలవాటు," అని నవ్వి, మదోకా గొడుగు పక్కనే పెట్టుకుని కూర్చుంది.

సుమియెకు డెబ్భై నాలుగేళ్లు. ఎండుచేపల కార్ఖానాలో ముప్ఫై ఏళ్లు చాకిరీ చేసింది. ఇప్పుడు ఒంటికాయ సొంటికొమ్ము. తల్లిపాలతో బిడ్డకు అంటే వైరస్ ఒకటి ఆమె నరాలను తినేస్తోంది, కాళ్లు పడిపోతున్నాయి. ఈ తీరంలో చాలామంది ఒంట్లో అది ఉంది. కొందరినే, అదీ ఒక్కొక్కరిని ఒక్కో వేగంతో మంచాన పడేస్తుంది. వైరస్ జన్యువుల్లోని తేడాలే అందుకు కారణమా అని మదోకా ఏడు వందల మంది నెత్తురు పరీక్షించింది.

సుమియెకు తన కాళ్ల బెంగ లేదు. ప్రతి నెలా అడిగేది ఒక్కటే.

"మా ఆయన పడవతో పాటే మునిగిపోయాడు. పిల్లకు పది నెలలు పాలిచ్చి, ఇంక సాకలేక ఎవరికో ఇచ్చేశాను. అప్పట్లో ఈ జబ్బు పేరే ఎవరూ వినలేదు. నా పాలతో దానికీ అంటించానా? చెప్పు తల్లీ, నా రకం ఇంకెవరిలోనైనా దొరికిందా?"

ఫలితం గురువారమే వచ్చింది. నోరు తెరవడానికి మదోకాకు నాలుగు రోజులు పట్టింది.

"మీది చాలా అరుదైన రకం. మీ నుంచి వెళ్లిందైతే అక్షరం పొల్లుపోకుండా ఇలాగే ఉండాలి. ఎవరిలోనూ లేదు. మీ అమ్మాయి ఎక్కడున్నా హాయిగా పరుగులు పెడుతుంటుంది."

సుమియె ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. కళ్లు తుడుచుకుని, సంచిలోంచి ఉడికించిన చిలగడదుంప తీసి మదోకా చేతిలో పెట్టింది.

"తిను. బొత్తిగా చిక్కిపోయావు. ఇంట్లో నిన్నెవరూ చూసుకోరా?"

"నేనొక్కదాన్నేనండీ."

"నాలాగే అన్నమాట. ఇంక నాతో పనైపోయిందిగా, రావద్దంటావా?"

"అయ్యో, ప్రతి నెలా రండి," అంది మదోకా గబగబా. "మీ కాళ్లు నేను చూస్తుండాలి."

ఎప్పుడూ చక్రాల కుర్చీని లిఫ్టు దాకా తనే తోసే మదోకా ఇవాళ నర్సును పిలిచింది. సుమియె వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతూనే వెళ్లింది.

తలుపు మూసుకున్నాక మదోకా ఒంటి బరువంతా గొడుగు మీద ఆనించి లేచి, మాట వినని కాలును ఈడ్చుకుంటూ బీరువా దాకా వెళ్లి, సుమియె రకంతో అక్షరం పొల్లుపోకుండా కలిసిన ఒకే ఒక్క ఫలితాన్ని, తన సొంత నెత్తురుదాన్ని, అట్టడుగున పెట్టి తాళం వేసింది.