నోరు తిరగని జబ్బు

"కోలె... డోకో... లిథి... యాసిస్. ఇంకోసారి అనండి బామ్మగారూ," అన్నాడు డాక్టరు. జబ్బు పేరుకి రోగి నోరు తిరిగేదాకా మందుచీటీ రాయడాయన. చదువుకునే రోజుల్లో అదే పేరు పలకలేక పరీక్షలో పరువు పోగొట్టుకున్న ఘనుడు మరి.

ఆరోసారికి బామ్మ తడబడకుండా అప్పజెప్పింది. డాక్టరు తన బోధనకి తనే మురిసిపోయాడు.

బామ్మ నెమ్మదిగా చెవిదిద్దులు తీసి, పక్కనున్న కూతురి చేతిలో పెట్టింది. "ఇవి నువ్వుంచుకోవే."

"ఎందుకమ్మా?"

"ఇంత పొడుగు జబ్బొచ్చాక ఇంకెన్నాళ్లుంటాను?"

పేరు నేర్పాడే గానీ అదేమిటో చెప్పనేలేదని డాక్టరుకి అప్పుడు వెలిగింది.

"కాలేయం కింద గొట్టంలో చిన్న రాయి అడ్డుపడిందండీ. తీసేస్తే నిక్షేపంలా ఉంటారు," అన్నాడు నీళ్లు నములుతూ.

బామ్మ దిద్దులు లాక్కుని పెట్టుకుంది.

"రాయి. ఆ రెండక్షరాల ముక్కేదో ముందే ఏడవచ్చుగా నాయనా."