అత్త పేరన ఏముంది?

ట్రాక్టరు లేత చెరుకు తోటలోకి దిగబోతుంటే గున్నమ్మ అడ్డంగా నిలబడింది.

"నీ తమ్ముడు పోయిన కాడి నుంచి ఈ సేను నానే సేస్తన్నాను గదా బావా!"

"సేస్తే నీదైపోద్దేటి? మా నాన్న నా పేరన రాసేడు. నీకున్నది ఆడగుంట, కొడుకు కాదు. తప్పుకో," అన్నాడు పెదబాబు.

గున్నమ్మ ఏడుస్తూ పరుగున వెళ్లి గట్టు మీదున్న అత్త కాళ్లు పట్టుకుంది. "నువ్వైనా సెప్పత్తా! నీ కొడుకు నీ మాట ఇంటాడు."

నరసమ్మ కొడుకు వైపు బెదురుగా చూసి గొంతు తగ్గించింది.

"మాటాడితే రేపు నాకు కూడెవుడెడతాడే? మీ మావ నా పేరన మాత్రం ఏటి రాసేడు?"

గున్నమ్మ ఏడుపు ఆగిపోయింది. మెల్లగా లేచి అత్త చెయ్యి పట్టుకుంది.

"నానెడతానత్తా. సోడవరం కూలికెళ్లైనా ఎడతాను."

నరసమ్మ చెయ్యి వదిలించుకోలేదు.

వాళ్లిద్దరూ చూస్తుండగానే ట్రాక్టరు చెరుకు మీదికి దిగింది.